నేపథ్యవిద్య: కళాశాలా విద్యార్థులకు నాటకశిల్పాభ్యాసము

నాటకము దృశ్యకావ్యమని అలంకారశాస్త్రపు మొదటి పాఠముననే మనము చెప్పుచుందుము. అట్లు చెప్పిన పిమ్మట దానిని శ్రవ్యకావ్యమును వలెనే బోధించుచుందుము. సంధులు, అర్థప్రకృతులు, నాయకలక్షణములు, రసనిర్ణయము, వృత్తవిశేషములు, ఇవి యన్నియు విద్యార్థికి కంఠస్థములు. గ్రంథమున ‘నేపథ్యమున’ అని కనబడినచోట, ఆ నేపథ్యము రంగమున కెంత దూరమున నుండును, అచ్చట నెవరు నిలిచియుందురు, అచ్చటి కంఠధ్వని సామాజికునకు ఏ రీతిగా చేరును అని యడిగినచో ఆ విద్యార్థియే తెల్లబోవును. అది యతని దోషము కాదు. అతని నెవరును ఆ తెరవెనుకకు తీసికొనిపోలేదు.

ఈ వ్యాసమున ప్రతిపాదింపబూనిన విషయ మొక్కటియే. రంగనిర్మాణము, వర్ణలేపనము, దీపనము, ధ్వనికల్పనము, రంగనిర్వహణము అను చేతిపనులు నటుల సౌకర్యమునకై యేర్పడిన చిల్లరపనులని తలచుట పొరపాటు. అవి నాటకార్థమును తెలిసికొనుటకు సాధనములు. సాహిత్యము చదువు కళాశాలా విద్యార్థి వానిని స్వహస్తములతో అభ్యసించినచో, వ్యాఖ్యానములు చెప్పని యర్థములు కొన్ని అతనికి గ్రంథముననే గోచరించును. ఇందులకు శాస్త్రసమ్మతి కలదని మొదట నిరూపించి, పిమ్మట ఆ యభ్యాసక్రమమును, దానివలని ఫలమును వివరింతుము.

శాస్త్రసమ్మతి

భరతుడు అభినయమును ఆంగిక వాచిక సాత్త్విక ఆహార్యములని నాలుగు విధములుగా విభజించెను. అందు ఆహార్యము మరల పుస్తము, అలంకారము, అంగరచన, సంజీవము అని చతుర్విధము. కొండలు, వాహనములు, విమానములు, కవచములు, ధ్వజములు మొదలగువానిని రంగముపై కల్పించుట పుస్తము. చాపలు, బట్టలు, తోళ్ళు కూర్చి చేసినది సంధిమము. యంత్రసహాయమున కదలునది వ్యాజిమము. చుట్టియో కప్పియో చేసినది వేష్టిమము. దీనికి చేష్టిమమను పాఠభేదమును కలదు.

ఇంతవరకు విభాగమాత్రమే. ఇక ముందునకు పోయినచో శాస్త్రము పనివాని భాషయందే మాటలాడును. బరువగు నగలు ధరించిన నటునకు చెమట పట్టును, మూర్ఛ వచ్చును. కావున నాటకాభరణములను పలుచని రేకులతో, లోపల లక్కతో తేలికగా చేయవలెనని విధించెను. ఆయుధములను సైతము తేలికయగు ద్రవ్యములతోనే చేయవలెను. అంగరచనా ప్రకరణమున తెలుపు, నీలము, పసుపు, ఎరుపు అను నాలుగు మూలవర్ణములను చెప్పి, వాని మిశ్రమములను వివరించెను. పసుపును నీలమును కలిపిన హరితము, తెలుపును ఎరుపును కలిపిన పద్మవర్ణము, ఎరుపును పసుపును కలిపిన గౌరము, నీలమును ఎరుపును కలిపిన కాషాయము కలుగును. వర్ణములన్నిటిలో నీలము బలవత్తరము కావున, దాని నొక పాలు తీసికొన్నచో తక్కిన వర్ణము నాలుగు పాళ్ళుండవలెనని కొలత సైతము చెప్పెను.

ఈ కొలత యూహవలన పుట్టినది కాదు. రంగు నూరి, కలిపి, ఎక్కువ నీలము పడి చెడిపోయిన పాత్రను కడిగికొన్నవాడే దీనిని చెప్పగలడు. గ్రంథాంతమున నాటకవర్గమును పేర్కొనునపుడు సూత్రధార విదూషకాదులతో పాటు కిరీటములు చేయువాడు, ఆభరణములు చేయువాడు, పూలమాలలు కట్టువాడు, వేషకారుడు, చిత్రకారుడు, రజకుడు, కారువు ఒకే పట్టికయందు లెక్కింపబడిరి. నాట్యవేదమున వీరికి స్థానము కలదు. మన పాఠ్యప్రణాళికలయందు మాత్రము లేదు.

విద్యాలయములలో నీ విద్య

తెలుగునాట నాటకప్రదర్శనమునకును విద్యార్థులకును గల సంబంధము తొలినాటినుండియు నున్నదే. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ విద్యార్థులచేత ‘వ్యవహారధర్మబోధిని’ని ప్రదర్శింపజేసిరి. పంతులుగారు తెలుగు పండితులుగా నుండినవారే యను సంగతి మన పాఠశాలా పండితులు స్మరింపదగినది. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున వనారస గోవిందరావుగారి యాధ్వర్యమున ‘కీచకవధ’ము ప్రదర్శితమై, సురభి నాటకసమాజములకు మూలమయ్యెను. సురభివారి విద్య వంశపరంపరాగతము. వారి యిండ్ల బిడ్డలు తెరల మడతల నడుమ పెరిగి, నడక నేర్చిన నాటనుండియు త్రాళ్ళు, తీగలు, కప్పీలు చూచుచు నేర్చికొందురు. కళాశాలా విద్యార్థికి అట్టి బాల్యము లేదు. ఉన్నవి మూడు నాలుగు సంవత్సరములు మాత్రమే. కావున అతనికి క్రమబద్ధమైన శిక్షణము కావలసియున్నది.

ఈ చిక్కు మనకే కలిగినది కాదు. అమెరికాదేశమున హార్వర్డు విశ్వవిద్యాలయమున జార్జి పియర్సు బేకరు అను నాచార్యుడు నాటకరచనను బోధించుచు, విద్యార్థుల నాటకములను ప్రదర్శించి పరీక్షించుటకై యొక కర్మశాలను నడపెను. యూజీను ఓనీలు అతని శిష్యులలో నొకడు. ఆ విశ్వవిద్యాలయము నాటకవిద్యకు పట్టము నిచ్చుటకు సమ్మతింపనందున, బేకరు 1925లో యేలు విశ్వవిద్యాలయమునకు పోయి నాటకశాఖను స్థాపించెను. అచ్చటనే స్టాన్లీ మెకాండ్లెసు రంగదీపనమును బోధించి, 1932లో ఆ విద్యకు పద్ధతి నేర్పరచు గ్రంథమును ప్రకటించెను. అంతవరకు పనివాండ్ర యనుభవముగా మాత్రమే యున్నది అటుపిమ్మట బోధనార్హమగు శాస్త్రమయ్యెను.

మన దేశమున 1959లో ఢిల్లీయందు జాతీయ నాటక విద్యాలయము నెలకొల్పబడెను. 1962 మొదలు 1977 వరకు దానికి సంచాలకుడుగా నుండిన ఇబ్రహీం అల్కాజీ, నటనాభ్యాసము చేయువారు సైతము రంగనిర్మాణ దీపన వేషరచనలను నేర్వవలెనని పట్టుపట్టెను. తెలుగువారికి విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందును, హైదరాబాదు విశ్వవిద్యాలయమునందును రంగస్థలకళాశాఖలు కలవు. ఐనను సామాన్య కళాశాలలో సాహిత్యము చదువు విద్యార్థికి వార్షికోత్సవమున వేయు నాటకమే పాఠశాల. అచ్చట నేమి నేర్వవచ్చునో యిక చూతము.

అభ్యాసక్రమము

మొదటిది కొలత. విద్యార్థి చేతికి ముందుగా కొలతపట్టీని, సున్నపుముక్కను ఈయవలెను. భరతోక్తమగు మధ్యమ వికృష్టమండపము 64 హస్తముల పొడవు, 32 హస్తముల వెడల్పు గలది. హస్తమును ఒకటిన్నర యడుగుగా గ్రహించినచో 96 అడుగులు, 48 అడుగులు. ఇంతకంటె పెద్దదైనచో పలుకు స్పష్టముగా వినబడదు, ముఖమందలి భావము కనబడదు అని శాస్త్రము కారణము చెప్పినది. ఒక వ్యాఖ్యానమార్గము ననుసరించి రంగపీఠము 16 హస్తముల వెడల్పు, 8 హస్తముల లోతు గలది. అనగా 24 అడుగులు, 12 అడుగులు. ఈ కొలతను కళాశాల యావరణమున సున్నముతో గీయించి, శాకుంతల ప్రథమాంకమందలి దుష్యంతుని రథమును అందులో నడిపింపుమని విద్యార్థి నడుగవలెను. గుఱ్ఱములు, రథము, సారథి, రాజు, ముందు పరుగిడు లేడి ఇమిడియుండుటకు అందు తావు లేదని అతడు తన యడుగులతోనే తెలిసికొనును. రథవేగమును నటులు నిరూపింపవలెనని కవి యేల సూచించెనో, కక్ష్యావిభాగమును శాస్త్రకర్త యేల కల్పించెనో పిమ్మట బోధింప నక్కరలేదు.

రెండవది వడ్రంగము. రంగముపై గోడగా నిలుపు చట్టమును పనివారు ఫ్లాటు అందురు. సన్నని కొయ్యపట్టీలతో దీర్ఘచతురస్రమగు చట్టము చేసి, మూలలకు వెనుకవైపున పలుచని చెక్కముక్కలు బిగించి, ముందువైపున బట్టను లాగి మేకులు కొట్టి, జిగురు పూసి యారనిచ్చి రంగు వేయుదురు. చట్టము కోణము తప్పినచో రెండు ఫ్లాట్ల నడుమ సందు పడి, నేపథ్యదీపము అందుండి తొంగిచూచును. కోణము సరిచూచుటకు వడ్రంగి కర్ణమును కొలుచును. 8 అడుగుల యెత్తు, 6 అడుగుల వెడల్పు గల చట్టమునకు రెండు కర్ణములును సరిగా 10 అడుగులుండవలెను. శుల్బసూత్రములలో యజ్ఞవేదికి చెప్పిన కర్ణనియమమే యిది. నిలిపిన ఫ్లాటునకు వెనుక ఊతకఱ్ఱ బిగించి దానిపై బరువు పెట్టవలెను. తలుపు మూసినపుడెల్ల గోడ వణకినచో కథయందలి రాజభవనము క్షణములో గుడ్డయగును.

మూడవది దీపనము. ఇందు మొదటి పాఠము కాంతి, రెండవది విద్యుద్భారము. దీపమును రెట్టింపు దూరమునకు జరిపినచో వస్తువుపై పడు వెలుగు నాలుగవ వంతగును. మెకాండ్లెసు పద్ధతి ననుసరించి రంగమును కొన్ని భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమునకు ముందువైపున ఎడమనుండి యొకటి, కుడినుండి యొకటి, రెండు దీపములను సుమారు 45 అంశల కోణమున నుంచవలెను. ఒకటి వెచ్చని వన్నెది, రెండవది చల్లని వన్నెది. ఇందువలన ముఖమున ముక్కు, కన్నుగుంటలు, చెక్కిళ్ళు ఉబ్బెత్తుగా తెలియును. ఎదురుగా నొకే దీపమున్నచో ముఖము పళ్ళెము వలె చదునుగా కనబడును.

ఇచ్చట భరతుని వర్ణసూత్రమునకు ఒక సవరణ విద్యార్థికి ఎదురగును. రంగుపొడులలో పసుపును నీలమును కలిపిన హరితము కలుగును. ఆ వర్ణముల కాంతులనే తెరపై నొకచోట పడవేసినచో ఇంచుమించు తెలుపు కలుగును. ఎఱ్ఱని కాంతియు ఆకుపచ్చని కాంతియు కలిసి పసుపగును. ఆకుపచ్చని చీర యెఱ్ఱని దీపము క్రింద నల్లబడును. భరతుని వాక్యము లేపనద్రవ్యములకు సత్యము, కాంతికి వర్తింపదు. శాస్త్రవాక్యమునకు విషయనియమ మెట్లు చేయవలెనో మీమాంస చెప్పు పాఠమునే యిది కంటికి చూపుచున్నది.

విద్యుద్భారము ప్రాణములతో కూడిన విషయము. 1000 వాట్ల దీపము 230 వోల్టులపై సుమారు 4.35 ఆంపియరుల ప్రవాహమును తీసికొనును. 15 ఆంపియరుల తీగపై నట్టివి మూడు నిలుచును. నాల్గవది కలిపినచో మొత్తము 17 దాటి తీగ వేడెక్కును. నేటి ఎల్.ఇ.డి. దీపములు చాల తక్కువ విద్యుత్తుతోనే వెలుగును గాని, లెక్క చూడకుండ తగిలించుట వానికిని తగదు. పైన వ్రేలాడదీసిన ప్రతి దీపమునకు బిగింపుమరతో పాటు వేరుగా నొక రక్షణగొలుసు ఉండవలెను. 1903 డిసెంబరు 30వ తేదీన చికాగో నగరమందలి ఇరోక్వా నాటకశాలలో ఒక ఆర్కు దీపపు నిప్పురవ్వ తెరగుడ్డ నంటుకొనగా, అగ్నినిరోధకమగు తెర మధ్యలో చిక్కుకొని దిగలేదు. ఆరువందలమందికి పైగా మరణించిరి. ఈ చరిత్రను చెప్పకుండ విద్యార్థిని నిచ్చెన యెక్కింపరాదు.

నాల్గవది రంగనిర్వహణము. నిర్వాహకుని పుస్తకమున ఒక పుటయందు నాటకపాఠము, ఎదుటి పుటయందు ఏ పలుకునకు ఏ దీపము వెలుగవలెను, ఏ ధ్వని వినబడవలెను, ఏ తెర కదలవలెను అను సంజ్ఞలు వ్రాయబడియుండును. సంజ్ఞకు కొంచెము ముందుగా ‘సిద్ధము’ అని హెచ్చరించి, సరియైన యక్షరమునొద్ద ఆజ్ఞ యీయవలెను. ఈ పుస్తకము నొకసారి వ్రాసిన విద్యార్థి నాటకమును ఏ పండితుడును చదువనంత నిశితముగా చదువును. ఏ పాత్ర యెప్పుడు ప్రవేశించినది, చేతిలో నేమున్నది, నిష్క్రమించి వేషము మార్చుకొనుటకు కవి యెన్ని పంక్తుల యవకాశ మిచ్చెను, ఇవన్నియు అతడు లెక్కింపక తప్పదు.

ఈ విద్యలన్నిటను మొదటి మెట్టు వినయము. క్రొత్తవాడు రంగము నూడ్చుట, మేకులు ఏరుట, తీగలను మెలిపడకుండ చుట్టుట, త్రాటికి జారని ముడి వేయుట మొదలు పెట్టి, అనుభవశాలి చెంత నిలిచి చూచి, అతడు చూచుచుండగా చేసి, పిదప నొంటరిగా చేయవలెను. గురుకులక్రమ మిదియే.

ఒక యుదాహరణము

ఈ యభ్యాసము గ్రంథపఠనమున కెట్లు తోడ్పడునో మృచ్ఛకటిక ప్రథమాంకమును బట్టి పరిశీలింతము. చీకటిరాత్రి శకారుడు, విటుడు, చేటుడు వసంతసేనను తరుముచుందురు. ఆమె చీకటిలో దాగును. పూలవాసనయు అందెలమ్రోతయు ఆమె జాడ తెలుపును. చారుదత్తుని యింట దీపమును ఆమె చీరచెరగుతో నార్పి లోపలికి పోవును. శకారుడు చీకటిలో ఒకరినొకరుగా భ్రమించి తనవారినే పట్టుకొని, తుదకు రదనికను పట్టుకొనును.

తరగతిలో దీనిని తమోవర్ణనముగా, హాస్యరసముగా బోధింతుము. ఇపుడు దీపనము చేయు విద్యార్థిని ఈ దృశ్యమునకు వెలుగు కూర్పుమందము. అతడు నిజముగా చీకటి చేసినచో శకారుని తడబాటు ప్రేక్షకులకు కనబడదు, నవ్వు పుట్టదు. పూర్తిగా వెలుగు చేసినచో చీకటి మాటలకే పరిమితమగును. ఎంత వెలుగు, ఏ వన్నె, ఏ మూలనుండి? ఈ ప్రశ్నకు జవాబు వెదకుచు అతడు మరల గ్రంథమునకే పోవును. శూద్రకుని కాలమున డిమ్మరు లేదు. కవి చీకటిని పద్యములలోను, నటుల తడుములాటలోను నిర్మించి, సామాజికులు అంతయు చూచుచుండగా పాత్రలు మాత్రమే చూడలేనట్లు కల్పించెను. హాస్యమున కాధారము ఆ భేదమే. వర్ణనము అచ్చట అలంకారముగా కాక దీపనసాధనముగా పనిచేయుచున్నది. వాసన, అందెలమ్రోత అను రెండింటిని కవి యేల యెన్నుకొనెననగా, చీకటిలో పనిచేయు నింద్రియములు అవియే.

దీపము నార్పుట మరియొక చిక్కు. చీరచెరగు కదలినపుడే రంగముపై వెలుగు తగ్గవలెను. మీటయొద్దనున్న విద్యార్థి అరక్షణము ముందైనను వెనుకైనను సభ నవ్వును, కాని కవి కోరిన నవ్వు అది కాదు. పదిమార్లు ఆ యభ్యాసము చేసిన విద్యార్థికి ఆ చిన్న రంగసూచన జన్మాంతమున మరపురాదు. 1959లో కలకత్తాయందు ‘అంగార్’ నాటకమున తాపస సేను బొగ్గుగనిలోనికి నీరు పొంగివచ్చుటను వెలుగుతోనే చూపి ప్రసిద్ధికెక్కెను. అట్టి నేర్పునకును మూల మిదియే: కాంతి దేనిని చూపవలెను, దేనిని దాచవలెను అను వివేకము.

ఆక్షేపములు

చదువునకు కాలము చాలక యుండగా సుత్తియు రంపమును ఏల యని కొందరందురు. సంవత్సరమున కొక నాటకము, దానికి ఆరు వారముల సాయంకాలములు చాలును. ఆ నాటకమే పాఠ్యగ్రంథమైనచో కాలనష్టము లేదు. వ్యయ మధికమని మరికొందరందురు. ఫ్లాట్లను రంగు మార్చి పెక్కు సంవత్సరములు వాడవచ్చును. నిజమైన యాక్షేపము అపాయమును గూర్చినది. దానికి సమాధానము, పనిని మానుట కాదు, నేర్చినవానిని చెంతనుంచుట. ఎత్తుపై పనికి, విద్యుత్తు పనికి తెలిసినవాడు లేనినాడు ఆ పని ఆపవలెను. పండితుడు దీపములు బిగింప నక్కరలేదు. బిగించువానిని విద్వాంసుడని గౌరవించిన చాలును.

మనము చేయవలసినది

సురభి సమాజములు ఒకప్పుడు పెక్కు శాఖలుగా తెలుగుదేశమంతట తిరిగెను. నేడు కొన్ని మాత్రమే నిలిచియున్నవి. 1937లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలివారి ‘మాయాబజారు’ చూచినవారు, రెండు వైపులనుండి వచ్చు బాణములు తీగలపై నడిమింట తాకుకొనుటను, క్షణములో మారు తెరలను ఎరుగుదురు. ఆ తీగ యెంత మందము, ఏ కోణమున కట్టిరి, ఎవరు ఏ పలుకునకు వదలుదురు, తెర చుట్టుటకు కఱ్ఱ యెంత లావు, ఈ విషయములు చాలవరకు చేసినవారి చేతులలో నున్నవి. చేతులు ముసలివగుచున్నవి.

మన సాహిత్యపరిశోధకులు ఊరూర తిరిగి చెదలు తిన్న తాళపత్రములను సేకరించి, పాఠభేదములు గుర్తించి, కావ్యములను రక్షించిరి. నేపథ్యవిద్యకు తాళపత్రము లేదు. దానిని వ్రాసికొనవలెనన్న వ్రాయువానికి ఆ పని కొంతైన తెలిసియుండవలెను. కప్పీ తిప్పనివానికి సురభివారి కప్పీని గూర్చి యేమి ప్రశ్నింపవలెనో తోచదు. సుత్తి పట్టినదియు కలము పట్టినదియు నగు చేయి కళాశాలా విద్యార్థిది. అతడు సెలవులలో ఒక సమాజముతో నుండి, పనిచేసి, కొలతలు తీసి, పటములు గీసి, వారి మాటలను వారు పలికినట్లే వ్రాసికొనివచ్చినచో, అది ఏ లిఖితప్రతికిని తీసిపోని పరిశోధనము. అట్టి వ్రాతలను పరీక్షించి ప్రకటించుట పరిశోధక సంఘముల పని. తమ విద్యార్థులలో నొకనినైన ఈ సంవత్సరము తెరవెనుకకు పంపుట పండితుల పని.